పలుగుధూళి: నల్లమాడ సీమ, బంగారు గనులు, దేశాంతర శ్రామికరక్షణ

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న నల్లమాడ 2022 వఱకు అనంతపుర మండలములోనిది. కదిరి ప్రాంతపు మెట్టభూమి. ఎఱ్ఱనేల, గుట్టలు, వానకెదురుచూచు చెఱువులు, వేరుసెనగ చేలు. మండలమున సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. 1876-78 నాటి మహాక్షామము మొదలుకొని ఈ సీమనుగూర్చి వ్రాసినవారు ప్రధానముగా వానను గూర్చియే వ్రాసిరి. అది న్యాయమే. కాని వానలేనియేట ఊరువిడిచినవాడు ఎచటికి పోయెను, అచట ఏ పనిచేసెను, ఆ పని వాని దేహమును ఏమిచేసెను అను మూడు ప్రశ్నలు గలవు. మొదటిదానికి సమాధానములు దొరకుచున్నవి. రెండవదానికి కొంతవఱకు దొరకుచున్నవి. మూడవదానిని గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

నల్లమాడ అను పేరు వినగానే భాషాభ్యాసముగలవారికి పూర్వశాసనములలోని 'మాడ' స్మరణకు వచ్చును. మాడ బంగారునాణెము. ఊరిపేరునకును నాణెమునకును సంబంధము గలదని మేము స్థాపింపబూనము. గ్రామనామములలోని 'మాడ'కు వేఱు మూలములు ఉండవచ్చును. అయినను ఈ మెట్టసీమకు ఇరుదెసల బంగారు గనులు వెలసినమాట మాత్రము యథార్థము. పడమట రామగిరి, దక్షిణమున కోలారు. రామగిరిలో ప్రాచీనుల త్రవ్వకపు గోతులు గలవు. వానిని చూచియే ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆంగ్ల కంపెనీలు అచట గనులు తెఱచినవి. 1927 నాటికి ఆ పని ముగిసినది. శతాబ్ది చివరి దశకములలో భారత స్వర్ణగనుల సంస్థ యెప్పమాన వద్ద మఱల పని సాగించినది. కోలారు కథ ఇంతకంటె పెద్దది. అచట 1880 నుండి జాన్ టైలర్ అండ్ సన్స్ కంపెనీవారు యంత్రములతో త్రవ్వకము చేయించిరి. గనులు 1956లో మైసూరు ప్రభుత్వము చేతికిని, 1962లో కేంద్రప్రభుత్వము చేతికిని వచ్చి, 2001 ఫిబ్రవరిలో మూతపడినవి. లోతు మూడు కిలోమీటర్లు దాటినది. అచటి శ్రామికులలో అరవలు అధికులు. రాయలసీమ తెలుగువారును గణనీయముగ నుండిరి. కదిరి మీదుగా ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుమార్గము పడిన పిమ్మట మెట్టసీమనుండి దక్షిణమునకు దారి సులభమయ్యెను.

బంగారము శిలలో ఒంటరిగా నుండదు. కోలారులోను, రామగిరిలోను అది పలుగురాతి చాలులలో దాగియుండును. పలుగు అనగా స్ఫటికశిల. శాస్త్రజ్ఞులు సిలికా అను పదార్థమునకు అది గట్టిరూపము. సుత్తితోను ఉలితోను కొట్టిననాడును ధూళి లేచెడిది. కాని సంపీడిత వాయువుతో నడచు తొలుచుయంత్రములు పందొమ్మిదవ శతాబ్ది చివర గనులలోనికి దిగిన పిమ్మట ఆ ధూళి స్వభావమే మాఱినది. యంత్రము రాతిని పిండిచేయును. ఆ పిండిలో కంటికి కానవచ్చునది అంత హానికరము కాదు. ముక్కులోను గొంతులోను చిక్కి దగ్గుతోను చీమిడితోను బయటపడును. మిల్లీమీటరులో నూఱవవంతునకును తక్కువయైన కణములే ఊపిరితిత్తుల చివరి గూళ్ళవఱకు దిగును. దేహరక్షణకై యున్న కణములు వానిని మ్రింగి, జీర్ణింపజాలక తామే నశించును. అట్లు నశించిన చోటులెల్ల మచ్చలై గట్టిపడును. ఈ వ్యాధికి సిలికోసిస్ అని పేరు. దీనిలో రెండు విశేషములు గలవు. పనిమానినను వ్యాధి ఆగదు. గనిలో కొద్దికాలమే యున్నవానికి సైతము పది, ఇరువది యేండ్లకు పైబడవచ్చును. రెండవది, మచ్చలుపడిన ఊపిరితిత్తులలో క్షయ సులభముగ నాటుకొనును. ఈ రెండు విశేషములను పాఠకులు మనసునందుంచుకొనవలెనని కోరుచున్నాము. తరువాతి చరిత్రయంతయు వీని చుట్టునే తిరుగును.

ధూళివ్యాధిపై దేశదేశముల పండితులు కలిసి విచారించిన తొలి సభ 1930 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గున జరిగెను. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ దానిని సమకూర్చినది. అచటి గనుల యజమానుల సంఘము ఆతిథ్యమిచ్చినది. బ్రిటను, జర్మనీ, ఇటలీ, హాలండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలనుండి వైద్యులు వచ్చిరి. ఆ దేశపు బంగారుగనులలో 1902 నుండియే విచారణసంఘములు పనిచేసినవి. 1911లో పరిహారశాసనము వచ్చినది. 1916లో వైద్యపరీక్షలకు ప్రత్యేక కార్యాలయము ఏర్పడినది. కావున ఇతరులకంటె అచటివారికి అనుభవమెక్కువ. సిలికోసిస్ అనగా నేమి, ఎక్స్‌రే చిత్రములో దాని దశలను ఎట్లు గుర్తింపవలెను అను విషయములలో సభ ఏకాభిప్రాయమునకు వచ్చెను. ఊపిరితిత్తుల చిత్రములను చదువుటకు అంతర్జాతీయ కార్మిక సంస్థ అనేక పర్యాయములు సవరించుచు వచ్చిన ప్రమాణపద్ధతికి మూలము ఆ సభలోనిదే. ఒక వైద్యుడు 'కొంచెము మచ్చ' యనినదానిని వేఱొకడు 'మచ్చలేద'నుట పరిపాటిగా నున్నకాలమున, ఒకే ప్రమాణ చిత్రములను ప్రక్కనుంచుకొని చదువుట సామాన్యమైన మేలు కాదు. అంతర్జాతీయ సహకారమనగా విందులు, ఉపన్యాసములు, తీర్మానములు అనుకొనువారు ఈ చిన్న విషయమును గమనింపవలెను. నాలుగేండ్లకు, అనగా 1934లో, వృత్తివ్యాధుల పరిహారపు ఒడంబడికను సవరించి సిలికోసిస్‌ను ఆ సంస్థ పట్టికలో చేర్చినది.

జొహానెస్‌బర్గు సభకు వచ్చిన దేశముల పట్టికలో భారతదేశము లేదు. ఆ 1930వ యేటనే కోలారులో ఏమి జరుగుచున్నదో చూడవలెను. అచట శ్రామికులు పెద్ద సమ్మెచేసిరి. కారణము ధూళికాదు, వేతనమునుగాదు. ప్రతి శ్రామికుని వ్రేలిముద్రలు తీసి నమోదుచేయవలెనని వచ్చిన కొత్త నిబంధన. గనినుండి బంగారము దొంగతనముగా తరలిపోవునను భయము యాజమాన్యమునకు చిరకాలముగా నుండెను. దానికొఱకు మైసూరు సంస్థానమున ప్రత్యేక శాసనమే యుండెను. శ్రామికులు ఆ నమోదును తమ గౌరవమునకు భంగకరముగా భావించి పని నిలిపివేసిరి. ఇందు మాకు తోచు విశేషమొకటి గలదు. శ్రామికుని వ్రేళ్ళను లెక్కింపవలెనను తలపు ఊపిరితిత్తులను పరీక్షింపవలెనను తలపుకంటె ముందుగా వచ్చినది. నమోదుపుస్తకము మొదట యజమాని బంగారమును కాపాడుటకు పుట్టినది. శ్రామికుని కాపాడు పుస్తకము పిమ్మట పుట్టినది. అదియు గని ద్వారమువద్దనే ముగిసినది.

భారతదేశము అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఆదినుండియు సభ్యదేశము. ఆ సంస్థ సభలకు ప్రతి దేశమునుండి ప్రభుత్వ ప్రతినిధులిరువురు, యజమానుల ప్రతినిధి యొకడు, శ్రామికుల ప్రతినిధి యొకడు పోవుట నియమము. 1919 నాటి వాషింగ్టన్ సభకు శ్రామికప్రతినిధిగా ఎన్. ఎమ్. జోషి పోయెను. తెలుగువారిలో వరాహగిరి వేంకటగిరి 1927లో జెనీవా సభకు శ్రామికప్రతినిధియై వెళ్ళెను. వృత్తివ్యాధుల తొలి ఒడంబడికను భారత ప్రభుత్వము ఆమోదించినదియు ఆ యేటనే. ఆ ఒడంబడికలో సీసము, పాదరసము, ఆంథ్రాక్స్ అను మూటివలని వ్యాధులే యున్నవి. ధూళి లేదు. ధూళిని చేర్చిన 1934 నాటి ఒడంబడికను స్వతంత్ర భారతము 1964లో గాని ఆమోదింపలేదు. నడుమ ముప్పదియేండ్లు!

ఆ ముప్పదియేండ్లును ఏమియు జరుగలేదనుట పొరపాటు. మైసూరు సంస్థానము 1940లో సిలికోసిస్ నిబంధనలను చేసి వ్యాధిగ్రస్తులకు పరిహారము కల్పించెను. ఆ దశకమునందే కోలారు గనుల వైద్యులు ఎక్స్‌రే సాయమున శ్రామికులను వేలసంఖ్యలో పరీక్షించిరి. వ్యాధి ఎంత విస్తారముగ వ్యాపించియున్నదో అప్పుడు వెల్లడియైనది. భారతదేశమున సిలికోసిస్ చరిత్ర వ్రాయువారు ఆ పరీక్షలతోనే ఆరంభించుట పరిపాటి. తొలుచునపుడు యంత్రపు కడ్డీగుండ నీరు పంపుట, పేల్చిన పిమ్మట పొగయు దుమ్మును అణగువఱకు మనుష్యులను దింపకుండుట, పెద్ద పంకాలతో గాలి మార్చుట మొదలగు పద్ధతులు ప్రపంచపు బంగారుగనులన్నిట ఒక దానినుండి యొకటి నేర్చుకొన్నవి. గని యింజనీర్లు ఒక ఖండమునుండి మఱియొక ఖండమునకు ఉద్యోగములు మాఱుచుండుటచే కొంత, సభలవలన కొంత, పత్రికలవలన కొంత ఈ విద్య వ్యాపించినది. ఒప్పందముపై సంతకముచేయని దేశమునకును నీటితో తొలుచు పద్ధతి వచ్చిచేరినది. సంతకము ఆలస్యమైనంతమాత్రమున మేలు ఆగలేదు. అటులనే సంతకమైనంతమాత్రమున మేలు చేకూరలేదు.

దేశాంతరములనుండి వచ్చునదంతయు మేలేయని తలంపరాదు. 1940వ దశకమునుండి కెనడాలో మెకింటైర్ పొడి యను అల్యూమినియపు చూర్ణమును గనిలోనికి దిగుటకుముందు శ్రామికులచే పీల్పించెడివారు. ఆ పొడి పలుగుధూళిని నిర్వీర్యము చేయునని నమ్మిరి. ఆ విధానము ఆస్ట్రేలియాకును ప్రాకినది. కెనడాలో అది 1979 వఱకు సాగినది. ఆ శ్రామికులలో పార్కిన్సన్ వ్యాధి హెచ్చుగనున్నదని పిమ్మట పరిశోధకులు కనుగొనిరి. ధూళిని తగ్గించుటకంటె పొడి పీల్పించుట చౌక. అంతర్జాతీయముగ వ్యాపించు విద్యలలో చౌకయైనది వడివడిగ వ్యాపించును.

స్వాతంత్ర్యానంతరము 1952 నాటి గనుల శాసనము వచ్చినది. అది జూలై 1 నుండి అమలులోనికి వచ్చునాటికి కేంద్రమున కార్మికమంత్రిగా వరాహగిరి వేంకటగిరియే యుండెను. జెనీవాలో శ్రామికపక్షమున కూర్చుండినవాడు ఇరువదియైదేండ్లకు శాసనమును నడపు పీఠమున కూర్చుండుట గమనింపదగినది. ఆ శాసనపు 25వ విభాగము ప్రకారము, ప్రకటిత వ్యాధి గనిశ్రామికునికి సోకినయెడల యజమాని తెలుపవలసియుండెను, వైద్యుడును తెలుపవలసియుండెను. సిలికోసిస్ ఆ ప్రకటిత వ్యాధులలో చేరినది. నియమము మంచిదే. కాని 'గనిలో నియుక్తుడైనవానికి' అను మాటను మఱల చదువుడు. నియుక్తుడైనవాడు ఆ మాటలో పడును. నిన్నటివఱకు నియుక్తుడై నేడు నల్లమాడ చెఱువుకట్టపై కూర్చుండి దగ్గుచున్నవాడు పడునా?

మా విచారణలో ముఖ్యమైన ఘట్టమిదియే. అందుచేత కొంచెము నిదానింతుము. జొహానెస్‌బర్గు సభ ముందుంచుకొన్న శాస్త్రజ్ఞానమంతయు ప్రధానముగ తెల్లవారి దేహములనుండి సంపాదింపబడినది. వారు గనులయొద్దనే కాపురముండిరి. నియతకాలమున ఎక్స్‌రే పరీక్షకు వచ్చిరి. మరణించినపుడును వారి ఊపిరితిత్తులను పరీక్షించిరి. నల్లజాతి శ్రామికులు సంఖ్యలో అనేక రెట్లధికులు. వారు మొజాంబిక్, బసూటోలాండ్, ట్రాన్స్‌కై మొదలగు దూరసీమలనుండి ఒప్పందముమీద వచ్చి, గడువుతీరగానే ఊళ్ళకు పోవుచుండిరి. వారికి జరిగినది పైపై పరీక్షయే. జబ్బుపడినవాడు ఇంటికి పోయెను, ఇంట మరణించెను, గనిపుస్తకమున ఆరోగ్యవంతుడై మిగిలెను. అందుచే నల్లవారిలో ఈ వ్యాధి తక్కువయని అంకెలు చెప్పినవి. పిమ్మటి చరిత్రకారులు ఆ అంకెల లోగుట్టును బయటపెట్టిరి. ప్రపంచమునకు ప్రమాణమైన జ్ఞానములో వలస శ్రామికుని దేహము పుట్టుకతోనే లోపించినదన్నమాట.

కోలారునందును, రామగిరియందును ఇట్టి భేదము జాతినిబట్టి కాకపోయినను వలసనుబట్టి ఏర్పడినది. గనియొద్ద లైన్లలో కాపురముండి, ఆసుపత్రి పుస్తకములో పేరెక్కినవాడు ఒకడు. క్షామమున పోయి, నాలుగేండ్లు తొలిచి, వానలు పడగానే సేద్యమునకు తిరిగివచ్చినవాడు వేఱొకడు. రెండవవానికి వ్యాధి ఎప్పుడు పైబడును? పది పదునైదేండ్లకు. ఎచట? గనికి వందమైళ్ళ దూరమున, మెట్టచేలో. వానిని చూచు వైద్యునికి వాడు రైతు, లేదా కూలివాడు. దగ్గు, జ్వరము, బరువుతగ్గుట, కఫములో రక్తము: క్షయ యని వైద్యుడు వ్రాయును. పలుమాఱు క్షయ నిజముగనే యుండును. పలుగుధూళి తెఱచిన ద్వారముననే అది ప్రవేశించును. కావున వైద్యుడు అబద్ధము వ్రాసినవాడు కాడు. సగము నిజము వ్రాసినవాడు. పరిహారపు చట్టమునకు కావలసినది తక్కిన సగము.

ఇందు భాషకును పాలు గలదు. తెలుగులో సిలికోసిస్‌కు జనవ్యవహారములో స్థిరపడిన పేరు లేదు. క్షయకు పేరున్నది, ఉబ్బసమునకు పేరున్నది, దగ్గునకు పేర్లు పెక్కులు. గ్రంథములు వ్రాయువారు 'ధూళిశ్వాసరోగము' వంటి సమాసములు కల్పింపవచ్చును. ఊరివాడు వానిని పలుకడు. పేరులేని వ్యాధి పేరున్న పొరుగువ్యాధి ఇంట చేరును. తెలుగు శాఖల పరిశోధకులు వృత్తిపదకోశములకై శ్రమించుచుండుట మనమెఱిగినదే. కమ్మరి, కుమ్మరి, సాలెవారి పనిముట్ల పేర్లు సేకరించు మనము ఆ పనులవలని నొప్పుల పేర్లను కూడ సేకరించినచో వైద్యునికి సైతము ఉపయోగపడునని మాకు తోచుచున్నది. ఇది ప్రాసంగికము.

వలస శ్రామికునికై 1979లో భారత ప్రభుత్వము ప్రత్యేక చట్టమొకటి చేసెను. అంతర్రాష్ట్ర శ్రామికునికి ప్రాణాపాయమో, తీవ్రగాయమో కలిగినయెడల గుత్తేదారుడు రెండు రాష్ట్రముల అధికారులకును, శ్రామికుని దగ్గఱి బంధువునకును తెలుపవలెనని అందు విధించిరి. మెచ్చదగిన నియమము. ఊరిలోని కుటుంబమును శాసనము పేర్కొన్నది. అయితే అది బండపడినవానికి వర్తించెడిది; బండను పిండిచేసినపుడు లేచిన ధూళిని పీల్చినవానికి వర్తించెడిది కాదు. ప్రమాదమునకు తేదీ గలదు. వ్యాధికి తేదీ లేదు. తేదీలేనిదానిని వార్తగా పంపుట కఠినము. శాసనకర్తలను నిందించుట సులభమేగాని, పదునైదేండ్ల పిమ్మట పుట్టబోవు వ్యాధిని గుత్తేదారుడు ఎవరికి తెలుపగలడు? దానికి ఊరిలో ఒక పుస్తకము కావలెను. గనిపుస్తకముతో అది మాటలాడవలెను.

అట్టి యేర్పాటు అసాధ్యమనువారికి మఱల దక్షిణాఫ్రికానే చూపవలసియున్నది. అచటి పూర్వశ్రామికులు తమ పక్షమున సమష్టి వ్యాజ్యము నడపిరి. ఆఱు గనికంపెనీలు 2018లో రాజీకి వచ్చినవి. 2019 జూలైలో న్యాయస్థానము దానిని ఆమోదించెను. 1965 మార్చి పిమ్మట ఆయా గనులలో పనిచేసి సిలికోసిస్, క్షయలకు లోనైనవారు దానిక్రింద పరిహారమునకు అర్హులు. వారిలో పెక్కుమంది పొరుగుదేశములవారు. పరిహారము చెల్లించుటకు ఏర్పడిన ధర్మసంస్థ వారిని వెదకుట, పరీక్షించుట పనిగా పెట్టుకొన్నది. అంతకుముందే 2016లో ప్రపంచబ్యాంకు ఋణసాయమున లెసోథో, మలావీ, మొజాంబిక్, జాంబియాలు క్షయ, గనివ్యాధుల పరీక్షలకై ఉమ్మడి ప్రణాళిక చేపట్టినవి. 1930లో లెక్కలోనికి రానివారి వారసులను 21వ శతాబ్దిలో లెక్కింపబూనిరి. ఆలస్యమైనది, అసంపూర్ణమైనది, ఐనను దేశసరిహద్దులు దాటి వ్యాధిగ్రస్తునియొద్దకు పరీక్ష పోవుట అను పద్ధతి అందు గలదు. రెండు దేశముల నడుమ సాధ్యమైనది కర్ణాటకాంధ్రముల నడుమ అసాధ్యమని చెప్పుట కష్టము.

అంతర్జాతీయ కార్మిక సంస్థయు 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి సిలికోసిస్ నిర్మూలన కార్యక్రమమును తలపెట్టెను. 2022 జూన్‌లో సురక్షితమును ఆరోగ్యకరమునైన పనిపరిస్థితులను మౌలిక హక్కులలో చేర్చెను. అప్పటినుండి 1981, 2006 నాటి రెండు ఒడంబడికల మూలసూత్రములను, అవి ఆమోదించినను ఆమోదింపకున్నను, సభ్యదేశములన్నియు గౌరవింపవలసియున్నది. ఇది గొప్ప మార్పే. కాని నల్లమాడ యువకులు బెంగళూరు కట్టడములలో రాయి కోయుచున్నారు, గచ్చు నూఱుచున్నారు. పలుగుధూళి గనివిడిచి నగరమునకు వచ్చినది. కోలారు గని లోతైనది, దాని ద్వారమొక్కటి, దానివద్ద పుస్తకమైన నుండెను. కట్టడపు పనికి ద్వారమే లేదు. ఈ నెల ఒక గుత్తేదారు, వచ్చు నెల మఱొకడు. పదిమందికి తక్కువగనున్న పనిచోటు సామాన్యముగ 2020 నాటి వృత్తిరక్షణ స్మృతికి వెలుపలనే మిగులును.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో శ్రామికుల వ్యాధులపై గ్రంథము వ్రాసి, రోగిని చూడబోయిన వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలకు మఱియొక ప్రశ్న జోడింపవలెననెను: నీవు చేయు పని యేమి? వృత్తివైద్యమునకు ఆ ప్రశ్నయే మూలమని లోకము ఒప్పుకొన్నది. ఆ ప్రశ్న వర్తమానకాలమున నున్నది. మోడెనా పట్టణపు పనివానికి అది చాలును. వాడు నేడు చేయుపనియే నిన్నటి పని. మెట్టసీమనుండి పోయివచ్చినవానికి అది చాలదు. 1969 నాటి జననమరణ నమోదు చట్టము క్రింద పూరించు మరణపత్రములో మృతుని వృత్తికి ఒక గడి యున్నది. నల్లమాడ ప్రాంతమున అందు 'సేద్యము' అనియో, 'కూలి' యనియో వ్రాయుదురు. దాని ప్రక్కనే 'పూర్వమేమి చేసెను, ఎచట, ఎన్ని యేండ్లు' అను మఱియొక గడి యుండవలెనని మా సూచన. క్షయకు మందిచ్చు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు చీటీపై సైతము ఆ ప్రశ్న యుండవచ్చును; రోగి బ్రతికియుండగానే అడుగుట మేలు.